నర్సు ఎవరి మనిషి?

నర్సింగ్ కోర్సులో బిజినెస్ ప్లాన్ రాయమంటే చాలామంది హోమ్ కేర్ ఏజెన్సీ గురించో, ట్రైనింగ్ సెంటర్ గురించో రాసుకొస్తారు. ఇప్పుడు వాటి పక్కన పేషెంట్ అడ్వొకసీ కూడా చేరింది. అనుభవమున్న నర్సు సొంతంగా ఒక చిన్న సంస్థ పెట్టుకుని, ఫీజు తీసుకుని, పేషెంట్ తరఫున పనిచేయడం అన్నమాట. డాక్టరు చెప్పింది అర్థమయ్యేలా విడమరిచి చెప్పడం, అపాయింట్‌మెంట్‌కి తోడు వెళ్లడం, చెల్లాచెదురుగా ఉన్న రిపోర్టులను ఒక వరుసలో పెట్టడం, బిల్లులో ఏముందో చూడటం, ఇన్సూరెన్స్ వాళ్లు కాదంటే అప్పీలు రాయడం, ఇంటికెళ్లాక మందులు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో కనుక్కోవడం ఇందులోకి వస్తాయి.

చాలాకాలం వార్డులో పనిచేసి పాఠాలు చెప్పే వైపు వచ్చినదాన్ని కాబట్టి ఇలాంటి ప్లాన్లు దిద్దే పని నాకు తరచూ పడుతుంది. దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. ముందు కరుణ గురించి రెండు పేరాలు, తర్వాత లోగో, ఆ తర్వాత బలాలు–బలహీనతల పట్టిక, సోషల్ మీడియా ప్రచారం. ఎక్కడో ఇరవయ్యో పేజీలో "ఆదాయ మార్గాలు" అని నాలుగు గళ్లు. అందులో పేషెంట్లు, కుటుంబాలు, ఆస్పత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు అని నలుగురి పేర్లూ పక్కపక్కనే, నలుగురి డబ్బూ ఒకటే అన్నట్టు!

ఆ నాలుగు గళ్లు మొదటి పేజీలో ఉండాలన్నది నా వాదన. ఎంత వస్తుందనేది తర్వాత చూసుకోవచ్చు. ఎవరి దగ్గర్నుంచి వస్తుందనేది తేలకపోతే మాత్రం ఆ వ్యాపారం ఏమిటో కూడా తేలనట్టే. అడ్వొకసీలో ఫీజు ప్రశ్న అకౌంట్స్ చాప్టర్‌కి చెందింది కాదు, ఎథిక్స్ చాప్టర్‌కి చెందింది.

నర్సు ఎవరి మనిషి అన్న తగవు మన వృత్తిలో పాతదే. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్, మరికొందరు కలిసి రాసిన నైటింగేల్ ప్రతిజ్ఞను చూడండి. డాక్టరు పనిలో విధేయతతో తోడ్పడతానని నర్సు అందులో ప్రమాణం చేస్తుంది. 1953లో అంతర్జాతీయ నర్సుల మండలి మొదటి నీతి నియమావళి తెచ్చినప్పుడు కూడా డాక్టరు ఆదేశాలను తెలివిగా, విధేయంగా అమలు చేయడం నర్సు బాధ్యత అనే రాసుకున్నారు. 1973లో ఆ నియమావళిని తిరగరాసినప్పుడు మాట మారింది. నర్సింగ్ సంరక్షణ అవసరమైన మనుషులకే నర్సు మొదటి బాధ్యత అన్నారు. అదే ఏడాది అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ పేషెంట్ హక్కుల పత్రం కూడా తెచ్చింది. క్లాసులో ఇక్కడిదాకా చెప్పి, ఇక అంతా బాగైపోయినట్టు పేజీ తిప్పేస్తాం.

కాగితం మీద బాధ్యత మారింది కానీ జీతం ఇచ్చే చెయ్యి మారలేదు. 1976లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో జొలీన్ ట్యూమా అనే నర్సింగ్ ఇన్‌స్ట్రక్టర్ సంగతే తీసుకోండి. లుకేమియాతో (రక్త క్యాన్సర్) ఉన్న ఒక పేషెంట్ కీమోథెరపీకి ముందు, ఇంకేమైనా దారులు ఉన్నాయా అని అడిగింది. ట్యూమా ఆమెతో వాటి గురించి మాట్లాడింది. డాక్టరు ఫిర్యాదు చేశాడు, నర్సింగ్ బోర్డు ఆమె లైసెన్సు సస్పెండ్ చేసింది, ఉద్యోగమూ పోయింది. 1979లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు బోర్డు నిర్ణయాన్ని కొట్టేసింది. మన పిల్లలు దీన్ని "అడ్వొకసీ గెలిచిన కేసు" అని రాస్తుంటారు. నాకు అలా అనిపించదు. ఆమె చేసింది సరైనదని కోర్టు అనలేదు. వృత్తికి తగని ప్రవర్తన అంటే ఏమిటో చట్టం ముందుగా స్పష్టం చేయలేదు కాబట్టి ఆ పేరుతో శిక్షించడం కుదరదంది, అంతే. సాంకేతిక కారణం మీద బయటపడిన కేసును మనం ధైర్యానికి ఉదాహరణగా చదువుకుంటున్నాం.

2009లో టెక్సస్‌లోని వింక్లర్ కౌంటీలో ఇద్దరు నర్సులు ఒక డాక్టరు వైద్యం తీరుపై రాష్ట్ర మెడికల్ బోర్డుకు ఉత్తరం రాశారు. ఉద్యోగాలు పోవడమే కాదు, వాళ్ల మీదే క్రిమినల్ కేసు పెట్టారు. ఒకరిపై కేసు ఉపసంహరించుకున్నారు, రెండో ఆమెను 2010లో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. వదిలేసేదాకా ఆమె పడ్డ టెన్షన్‌కి లెక్క ఎవరు కడతారు?

అందుకే సొంత సంస్థ అన్న ఆలోచన నాకు నచ్చుతుంది. బయట నిలబడిన నర్సును ఆస్పత్రి ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. కానీ ఇక్కడ ఆగి ఒక సంగతి చూడాలి. జీతం ఇచ్చేవాళ్లు పోయారు, వాళ్ల స్థానంలో ఫీజు ఇచ్చేవాళ్లు వచ్చారు. పాత ప్రశ్న ఇంకో ఇంటికి మకాం మార్చింది.

ఒక్కొక్కరినే చూద్దాం.

ఆస్పత్రి. ప్లాన్లలో "ఆస్పత్రులతో టై-అప్" అన్న వాక్యం కనపడగానే నా ఎర్ర పెన్ను లేస్తుంది. పంపిన ప్రతి పేషెంట్‌కి ఇంత కమిషన్ అని తీసుకున్నారంటే మీరు అడ్వొకేట్ కాదు, బ్రోకర్. దాన్ని మెత్తగా చెప్పే అవసరం నాకు కనిపించదు. కమిషన్ లేకపోయినా చిక్కు ఉంటుంది. మీ క్లయింట్లలో ఎక్కువమందిని ఒకే ఆస్పత్రి పంపిస్తుంటే, ఆ ఆస్పత్రి బిల్లు మీదే ఫిర్యాదు రాయాల్సి వచ్చిన రోజు మీ చెయ్యి ఆడుతుందా? ప్లాన్ రాసేటప్పుడు ఇలా అడిగి చూసుకోండి: ఏ ఒక్కరు ముఖం తిప్పుకుంటే నా ఆఫీసు మూతపడుతుంది? ఆ జవాబులో ఎవరి పేరు వస్తే మీరు వాళ్ల మనిషి.

ఇన్సూరెన్స్ కంపెనీ కట్టే డబ్బుతో చేసేది కేస్ మేనేజ్‌మెంట్, అంటే కంపెనీ తరఫున పేషెంట్ వైద్యాన్నీ ఖర్చునూ సమన్వయం చేయడం. గౌరవమైన పనే, కానీ అది వేరే పని. ఉద్యోగులకు సదుపాయంగా యజమాని కట్టే పద్ధతి కొంత నయం. ఏ ఉద్యోగి ఏ జబ్బుతో మిమ్మల్ని కలిశాడో యజమానికి ఎప్పటికీ చెప్పనని ఒప్పందంలో రాసుకోగలిగితేనే.

బిల్లులో ఎంత తగ్గిస్తే అందులో ఇంత శాతం తీసుకోవడం చూడటానికి చాలా న్యాయంగా ఉంటుంది. పేషెంట్‌కి లాభమైతేనే మనకు లాభం కదా అంటారు. ఏడాది నడిపితే ఏమవుతుందో ఊహించండి. చిన్న బిల్లుల వాళ్ల ఫోన్లకు జవాబివ్వడం తగ్గుతుంది. సరిగ్గా వేసిన బిల్లు మీద కూడా తగువు పెట్టాలనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బిల్లు రాకముందే ఆపగలిగిన అనవసరపు పరీక్షను ఆపినందుకు మీకు ఏమీ రాదు. మంచి నర్సు చేసే పనిలో ఎక్కువ భాగం జరగకుండా ఆపడమే. దానికి శాతం కట్టే కొలత ఎక్కడుంది?

గంట లెక్కన తీసుకుంటే పని సాగదీయాలన్న కోరిక, ప్యాకేజీగా తీసుకుంటే త్వరగా వదిలించుకోవాలన్న కోరిక ఉంటాయి. రెండింటికీ లోపాలున్నాయి, కానీ ఆ లోపాలు పేషెంట్ కంటికి కనపడేవి. గంటల చీటీ ఇస్తే ఆయనే చూసుకుని అడగగలడు. నేనైతే గంట లెక్కకే ఓటేస్తాను, పై పరిమితి ముందుగానే రాసి.

ఇక కుటుంబం. అసలు చిక్కంతా ఇక్కడే, ప్లాన్లలో అతి తక్కువ రాసేదీ దీని గురించే. ఒక ఉదాహరణ ఊహించుకోండి. కూతురు వేరే దేశంలో ఉంటుంది. తండ్రికి కొత్తగా క్యాన్సర్ బయటపడింది. ఆమే మిమ్మల్ని వెతికి పట్టుకుంది, ఆమే ఫీజు కడుతోంది. మొదటి ఫోన్‌లోనే అంటుంది: "నాన్నకు జబ్బు పేరు చెప్పొద్దండీ, తట్టుకోలేరు. మీరు డాక్టరుతో మాట్లాడి నాకు చెప్పండి చాలు." ఆమెది చెడ్డ ఉద్దేశం కాదు, భయం. మర్నాడు స్కాన్ గది బయట కుర్చీలో కూర్చున్న ఆ పెద్దాయన మిమ్మల్నే అడుగుతాడు: "ఏమ్మా, నాకొచ్చింది ఏం జబ్బు?"

ఈ ఘట్టానికి జవాబు మీ ప్లాన్‌లో ఉందా? "కుటుంబ సభ్యులతో సమన్వయం" అని రాస్తే లేనట్టే. డబ్బు కట్టినది కూతురు, పేషెంట్ తండ్రి. మీ ఒప్పందం ఎవరితో?

నా దృష్టిలో ఒప్పందం పేషెంట్‌తోనే ఉండాలి. డబ్బు కట్టేవాళ్లు వేరేవాళ్లైతే వాళ్లు విడిగా ఇంకో కాగితం మీద సంతకం చేయాలి. ఫీజు కట్టినంత మాత్రాన సమాచారం మీద హక్కు రాదని, పేషెంట్ ఏది చెప్పమంటే అది, ఎవరికి చెప్పమంటే వాళ్లకే చెబుతామని అందులో ఉండాలి. ఇది విన్నాక కొంతమంది కూతుళ్లు, కొడుకులు ఫోన్ పెట్టేస్తారు. పెట్టెయ్యనివ్వండి. ఆ నష్టాన్ని కూడా ప్లాన్‌లో లెక్కేసుకోవాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే, "వివరాలన్నీ నాకెందుకమ్మా, అమ్మాయికి చెప్పండి, తనేం చెబితే అది చేద్దాం" అనొచ్చు. తెలుసుకోనక్కర్లేదనుకోవడం కూడా ఆయన హక్కే. తేడా ఏమిటంటే ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి, ఇంకొకరి నోటి నుంచి కాదు. అది తేదీతో సహా రాసుకోవాలి, కొన్నాళ్ల తర్వాత మళ్లీ అడగాలి, మనుషుల మనసు మారుతుంది కాబట్టి. ఆయన సొంతంగా నిర్ణయించుకునే స్థితిలో లేకపోతే చట్టప్రకారం ఆయన తరఫున నిర్ణయించే అధికారం ఎవరిదో ముందే కనుక్కుని ఫైల్లో పెట్టుకోవాలి. ఫీజు కట్టే వ్యక్తి, నిర్ణయించే వ్యక్తి ఒకరే కావాలని లేదు.

డబ్బు ఎవరిదో తేలాక రెండో ప్రశ్న వస్తుంది. ఈ పనికి నర్సే ఎందుకు? దీనికి "మాకు క్లినికల్ నాలెడ్జ్ ఉంది" అని తేలిగ్గా రాసేస్తారు. 1990లో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పేషెంట్ నావిగేషన్ మొదలుపెట్టినప్పుడు తోడుగా పెట్టినది ఎక్కువగా నర్సులను కాదు, ఆ చుట్టుపక్కల మామూలు మనుషులను. అపాయింట్‌మెంట్ ఇప్పించడం, కాగితాలు నింపించడం, భయపడి వెనక్కి పోయేవాళ్లను తీసుకురావడం వాళ్ల పని. తక్కువ ఖర్చుతో దొరికే పరీక్షలు, ఈ తోడు కలిశాక అక్కడి రొమ్ము క్యాన్సర్ పేషెంట్లలో ఐదేళ్లు బతికిన వాళ్ల శాతం 39 నుంచి 70కి పెరిగింది. అంటే ఫారాలు నింపడానికి, లైన్లో నిలబడటానికి మీ డిగ్రీ అక్కర్లేదు. ఆ పనికి నర్సు ఫీజు వసూలు చేస్తే పేషెంట్ ఎక్కువ కట్టినట్టు.

పైగా క్లినికల్ నాలెడ్జ్‌ని ఎంతవరకు వాడొచ్చన్నదీ అంత తేలిక కాదు. 2018 నుంచి అమెరికాలో పేషెంట్ అడ్వొకేట్లకు బోర్డు పరీక్ష ఉంది. ఆ సర్టిఫికేషన్ బోర్డు నీతి ప్రమాణాల్లో ఒక గట్టి మాట ఉంది: క్లినికల్ అర్హతలున్నా సరే, అడ్వొకేట్‌గా ఉన్నప్పుడు ఫలానా చికిత్స తీసుకోమని చెప్పకూడదు, క్లినికల్ అభిప్రాయం ఇవ్వకూడదు, వైద్య సంరక్షణ చేయకూడదు. ఇంజెక్షన్ చేయడం, కట్టు మార్చడం కూడా కలిపి "అదనపు సేవలు" అని ప్లాన్లో రాసేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి. చాలాచోట్ల అడ్వొకేట్ అని పేరు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, కానీ మీకు నర్సు లైసెన్సు ఉంది, అది మీ వెంటే వస్తుంది. వృత్తిపరమైన బీమా తీసుకునేటప్పుడు ఈ కొత్త పని అందులోకి వస్తుందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మరి నర్సు అమ్మేదేమిటి? నా సమాధానం, ఏది అడగాలో తెలియడం. దీన్ని అన్ని రోగాలకూ, అన్ని దశలకూ పరచకుండా ఒక్కచోట పెట్టమంటాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి కొన్ని వారాలు. దీనికి గట్టి ఆధారమే ఉంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మేరీ నేలర్ బృందం 65 ఏళ్లు దాటిన పేషెంట్ల మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రత్యేక శిక్షణ ఉన్న నర్సులు డిశ్చార్జ్ ప్లాన్ చేసి ఇంటికి కూడా వెళ్లి చూసిన వాళ్లలో 24 వారాల్లో మళ్లీ ఆస్పత్రిలో చేరినది 20.3 శాతం. మామూలుగా ఇంటికి పంపినవాళ్లలో 37.1 శాతం. ఆ నర్సులు క్లినికల్ పని కూడా చేశారు, కాబట్టి అడ్వొకేట్‌కి అదే ఫలితం వస్తుందని ప్లాన్లో రాయకండి. అవసరం ఎక్కడుందో మాత్రం ఆ అంకెలు చూపిస్తాయి.

ఆ అవసరం ఎలా ఉంటుందో వార్డులో పనిచేసినవాళ్లకు తెలుసు. డిశ్చార్జ్ అంటేనే హడావిడి. బిల్లు కట్టాలి, బండి పిలవాలి, ఇంకో పేషెంట్ ఆ మంచం కోసం ఎదురు చూస్తుంటాడు. ఆ గందరగోళంలో పది నిమిషాల్లో మందులన్నీ చెప్పేస్తాం. డాక్టర్లు, నర్సులు చెప్పిన దానిలో 40 నుంచి 80 శాతం పేషెంట్లు అప్పటికప్పుడే మర్చిపోతారని 2003లో రాయ్ కెసెల్స్ ఒక సమీక్షలో రాశాడు. గుర్తున్న దానిలో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందట. ఇంటికెళ్లాక ఏం జరుగుతుంది? బీపీకి, గుండెకు ఇచ్చే మెటోప్రొలాల్ ఒక బ్రాండు పేరుతో పాత డబ్బాలో ఉంటుంది, అదే మందు ఇంకో బ్రాండు పేరుతో కొత్త చీటీలో ఉంటుంది. రంగు వేరు, పేరు వేరు, కాబట్టి రెండూ వేసుకుంటారు. నాలుగు రోజులకు కళ్లు తిరుగుతాయి, నాడి నెమ్మదిస్తుంది, వయసు మీద పడిందిలే అనుకుంటారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటున్నాయన మోకాళ్ల నొప్పికి ఎప్పటినుంచో అలవాటైన ఐబుప్రొఫెన్ కూడా వేసుకుంటాడు, రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం. నొప్పి మాత్ర కూడా మందుల లెక్కలోకి వస్తుందని ఆయనకు తోచదు, ఎవరూ అడగరు. డిశ్చార్జ్ నాటికి ఫలితం రాని కల్చర్ రిపోర్టు (ఇన్ఫెక్షన్ ఏ క్రిమి వల్లో తేల్చే పరీక్ష) ఒకటి ల్యాబ్‌లో ఉంటుంది. వచ్చాక దాన్ని ఎవరు చూడాలో సమ్మరీలో ఎక్కడా ఉండదు.

ఇవన్నీ పట్టుకోవడానికి నర్సు కన్ను కావాలి. వంటగదిలో, దిండు కింద, హ్యాండ్‌బ్యాగులో ఉన్న మాత్రలన్నీ టేబుల్ మీద పోయించి, డిశ్చార్జ్ చీటీతో ఒక్కొక్కటీ సరిచూడాలి. పట్టుకున్నాక మాత్రం "ఇది ఆపెయ్యండి" అనే అధికారం మనది కాదు. అదే గంటలో, ఆ మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి, రెండు పేర్లూ చదివి వినిపించి, జవాబు రాసుకుని, పేషెంట్‌కి చెప్పి, ఏం అర్థమైందో తిరిగి చెప్పించుకోవాలి. అందుకే ప్లాన్లో "సేవలు" అన్న పేజీ కంటే "మేము చేయనివి" అన్న పేజీ పొడవుగా ఉండాలంటాను. మందు మార్చం, ఆపం, ఇదే డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పం, ఎవరి దగ్గరా కమిషన్ తీసుకోం, అత్యవసరానికి అంబులెన్సు బదులు మాకు ఫోన్ చేయొద్దు. ఈ చివరిది పెద్దక్షరాల్లో ఉండాలి.

ఇప్పుడు గంటల లెక్క. డబ్బు అంకెలు మీ ఊరిని బట్టి మీరే వేసుకోండి, గంటలు ఎక్కడైనా గంటలే. ఒక్క నర్సు, వారానికి 40 గంటలు పనిచేస్తుందనుకుందాం. ప్రయాణం, ఊరికే వివరాలు అడిగే ఫోన్లు, లెక్కలు, బీమా కాగితాలు, చదువుకోవడం పోను ఫీజు వచ్చే గంటలు సగమనుకున్నా నెలకు 80. ఒక డిశ్చార్జ్ క్లయింట్‌కి మొదటి ఇంటి విజిట్ 3 గంటలు, మందుల జాబితా 2, డాక్టరు ఆఫీసుతో ఫోన్లు 2, ఒక అపాయింట్‌మెంట్‌కి తోడు 4, వారం వారం పలకరింపు మొత్తం 2, నోట్స్ 2. అంటే 15 గంటలు. 80ని 15తో భాగిస్తే ఐదుగురు. ప్లాన్లలో నెలకు ముప్ఫై మంది క్లయింట్లు కనిపిస్తుంటారు. ముప్ఫై మందికి 450 గంటలు కావాలి, ఆ నర్సు ఎప్పుడు నిద్రపోతుందో రాయలేదు.

ఐదుగురి మీదే ఖర్చులూ, మీ జీతమూ రావాలంటే ఫీజు పెద్దదే అవుతుంది. అప్పుడు కట్టగలిగిన వాళ్లకే కదా ఈ సేవ అంటారు. అవును. అది నన్ను ఇబ్బంది పెట్టే విషయమే, దాన్ని దాచి "అందరికీ అందుబాటులో" అని కవరు మీద వేసుకోవడం ఇంకా ఇబ్బంది. అవసరం ఎక్కువున్న వాళ్ల చేతిలోనే డబ్బు తక్కువుంటుంది, ప్రైవేటు అడ్వొకసీ ఆ ముడి విప్పలేదు. ఐదుగురిలో ఒక చోటు ఫీజు లేకుండా ఉంచి, దాని ఖర్చు మిగతా నలుగురి ఫీజులో కలిపామని బాహాటంగా రాయొచ్చు. ఎవరికి ఇస్తారో, ఎవరు ఎంపిక చేస్తారో కూడా రాయండి, లేకపోతే ఆ చోటు చుట్టాలకే పోతుంది.

ప్రెజెంటేషన్ రోజు ప్యానెల్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, ఐదేళ్లలో దీన్ని ఎంత పెద్దది చేస్తారని. బ్రాంచీల మ్యాప్ చూపించకండి. అంతకంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది: మీకే జ్వరమొస్తే ఆ వారం క్లయింట్ల ఫోన్లు ఎవరెత్తుతారు? ఇలాగే సొంతంగా పనిచేసే ఇంకో నర్సుతో ముందే మాట్లాడుకుని, ఆమె పేరు ప్రతి ఒప్పందంలో చేర్చి, అవసరమైతే ఫైలు ఆమెకు చూపించడానికి పేషెంట్ సంతకం మొదటి రోజే తీసుకోండి. ఆమె ఎవరెవరి దగ్గర డబ్బు తీసుకుంటుందో కూడా అడిగి తెలుసుకోండి.